నడక నేర్పే చేతులు



హోషేయ గ్రంథము 11వ అధ్యాయము 3వ వచనంలో దేవుడు తనను గూర్చి తాను చెప్పుకున్న మాట ఒకటి ఉంది. పసిబిడ్డ చేతులు పట్టుకుని నడక నేర్పే తండ్రిగా ఆయన అక్కడ కనబడతాడు. బిడ్డకు నడక నేర్పడం ఇంట్లో ఆడవాళ్లు చూసుకునే చిన్న పని అని మనం అనుకుంటాం. సర్వశక్తిగల దేవుడు మాత్రం దాన్ని తన పనిగా చెప్పుకోవడానికి వెనకాడలేదు.

మన బిడ్డల్లో చాలామందికి ఆ నడక దానంతట అదే వస్తుంది. ఏడాది నిండేసరికి గోడ పట్టుకుని నిలబడతారు. పడతారు, లేస్తారు, తప్పటడుగులు వేస్తారు. కొందరు బిడ్డలకు అలా రాదు. అలాంటి బిడ్డలకు మెడ నిలపడం, కూర్చోవడం, నిలబడడం, నడవడం నేర్పడమే వృత్తిగా పెట్టుకున్నవారున్నారు. వారే పిల్లల ఫిజియోథెరపిస్టులు. ప్రతి నెలా ఒక సేవను గూర్చి తలంచుకునే ఈ శీర్షికలో ఈసారి ఆ సేవకు దారి వేసిన ఒక స్త్రీ జీవితాన్ని చూద్దాం. తర్వాత మన ఇళ్లలో, మన సంఘాలలో ఏమి చేయగలమో ఆలోచిద్దాం.

మొదట బిడ్డల దగ్గర

మేరీ మెక్‌మిలన్ 1880లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు స్కాట్లాండు నుంచి వలస వచ్చినవారు. ఆమె చిన్నతనంలోనే తల్లి క్షయవ్యాధితో చనిపోయింది. తల్లిలేని ఆ పిల్లను ఇంగ్లండులోని లివర్‌పూల్ పట్టణంలో ఉన్న బంధువులు పెంచారు. అక్కడే ఆమె వ్యాయామ విద్య చదివి, ఆ పైన మర్దన, చికిత్సకు పనికివచ్చే వ్యాయామాలు నేర్చుకున్నారు. 1910 తర్వాత అదే పట్టణంలో సర్ రాబర్ట్ జోన్స్ అనే ప్రసిద్ధ ఎముకల వైద్యుని దగ్గర పనిచేశారు. కాళ్లు చేతులు వంకరపోయిన పేదపిల్లల కోసం ఎంతో పాటుపడిన వైద్యుడాయన. ఏ పిల్లవాణ్ణీ ఇక ఇంతే అని వదిలిపెట్టకూడదన్న పాఠం ఆమెకు ఆ రోజుల్లోనే అబ్బింది.

మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా ఆమె అమెరికాకు తిరిగి వచ్చి, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పిల్లల ఆసుపత్రిలో మర్దన, వ్యాయామ చికిత్స విభాగానికి అధిపతి అయ్యారు. 1916లో ఆ దేశాన్ని పోలియో పట్టి కుదిపింది. సుమారు 27,000 మందికి సోకింది. సుమారు 6,000 మంది చనిపోయారు. బతికి బయటపడిన పిల్లల్లో ఎందరికో కాళ్లు చచ్చుబడ్డాయి. టీకా రావడానికి ఇంకా 39 సంవత్సరాలు ఉంది. ఆ జబ్బుకు మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మందు లేని చోట ఏమి చేయాలి? చచ్చుబడిన కాలిలో ఏ కండరంలో ఇంకా కాస్త ప్రాణం మిగిలి ఉందో వేళ్లతో తాకి కనిపెట్టాలి. ఆ కండరానికి రోజూ కొంచెం కొంచెంగా పని చెప్పాలి. బిగుసుకుపోతున్నదాన్ని మెల్లగా సాగదీయాలి. కాలు వంకర తిరగకుండా బద్దలు కట్టాలి. ఒక్క రోజులో ఏమీ కనబడదు. వారంలోనూ కనబడదు. నెలలు గడిచాక, నిన్నటిదాకా కదలని బొటనవేలు ఈరోజు కాస్త కదిలిందని తల్లి కేక వేస్తుంది. ఇదే ఆ వృత్తి. అద్భుతం చూడాలని వచ్చినవారికి ఇక్కడ చూడడానికి ఏమీ ఉండదు. ఓర్పుతో కూర్చున్నవారికి మాత్రం ఎంతో ఉంటుంది.

తర్వాత బోధనలో

1918లో అమెరికా సైన్యం గాయపడిన సైనికులకు ఇలాంటి చికిత్స చేయడానికి స్త్రీలను పిలిచింది. ఆ పనిలో మొట్టమొదట ప్రమాణం చేసి చేరినది మెక్‌మిలన్. అందుకే ఆమెను అమెరికాలో మొదటి ఫిజికల్ థెరపిస్టు అంటారు. కానీ యుద్ధం నుంచి ఓడల నిండా వస్తున్న క్షతగాత్రులకు ఒక్క మనిషి చేతులు ఏపాటి? నేర్చినవారు కావాలి. నేర్పేవారు కావాలి. ఆ ఏడాదే ఆరెగాన్ రాష్ట్రంలోని రీడ్ కళాశాలలో ఆమె అధ్యాపకురాలై, 200 మంది దాకా యువతులను ఈ పనికి సిద్ధం చేశారు. అటు తర్వాత వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో ఆ సేవికలకు పెద్దగా ఉన్నారు. 1921లో మర్దన, వ్యాయామ చికిత్సలపై పాఠ్యపుస్తకం వ్రాసి ప్రచురించారు. హార్వర్డు వైద్య కళాశాలలో ఫిజియోథెరపీ తరగతులు నడిపారు.

నేర్చిన విద్యను గుట్టుగా దాచుకునే అలవాటు మనలో ఉంది. చెట్టు మందు తెలిసిన పెద్దాయన దాన్ని ఎవరికీ చెప్పకుండానే సమాధికి పోతాడు. చేతి విద్య ఇంకో చేతికి అందకపోతే ఆ మనిషితోనే పూడ్చబడుతుంది. మెక్‌మిలన్ తన విద్యను వందల చేతులకు అందించారు గనుక ఆమె ఎన్నడూ చూడని పిల్లలు కూడా దాని ఫలం అనుభవించారు.

ఒంటరిగా కాక కలిసి

యుద్ధం ముగిసింది. సైన్యంలో పనిచేసిన స్త్రీలు ఎవరి ఊళ్లకు వారు చెదరిపోయారు. ఈ వృత్తికి హద్దులు లేవు, ఇంత చదవాలన్న నియమం లేదు. బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలో తల్లికి తెలిసే దారి లేదు. అప్పుడు మెక్‌మిలన్ చెదరిన తన తోటివారికి ఉత్తరాలు వ్రాశారు. 1921 జనవరి 15న న్యూయార్క్‌లోని కీన్స్ అనే భోజనశాలలో 30 మంది స్త్రీలు కూడుకుని ఒక సంఘం ఏర్పాటు చేసుకున్నారు. 274 మంది తొలి సభ్యులయ్యారు. మెక్‌మిలన్ మొదటి అధ్యక్షురాలు. ఆ మార్చిలోనే ఒక పత్రిక మొదలుపెట్టారు. ఈ పని చేసేవారికి తగిన చదువు, శిక్షణ ఉండాలని, కొత్త సంగతులు ఒకరికొకరు తెలియజేసుకోవాలని వారు నిర్ణయించుకున్నారు.

వృత్తి సంఘం అనగానే జీతాల కోసం జెండాలు పట్టడం అనుకుంటాం. జీతం అడగడం తప్పు కాదు. అయితే ఇక్కడ ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. మంచి ప్రమాణాల కోసం వారు పోరాడినప్పుడు, దాని లాభం మంచం మీద ఉన్న బిడ్డకు చేరింది. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గల మనిషిని మోసుకొచ్చిన నలుగురిని జ్ఞాపకం చేసుకోండి. ఒక్కడే అయితే ఆ పరుపు లేపగలిగేవాడా? నలుగురూ ఒక మాట మీద ఉన్నారు గనుకనే ఇంటి కప్పు విప్పి ఆ మనిషిని ప్రభువు పాదాల దగ్గర దించగలిగారు. బలహీనుని మోయాలంటే మోసేవారు ముందు ఒకరితో ఒకరు కలవాలి.

మెక్‌మిలన్ అంతటితో ఆగలేదు. 1932లో చైనా వెళ్లి పెకింగ్ యూనియన్ వైద్య కళాశాలలో ఫిజియోథెరపీ విభాగాన్ని నడిపారు. 1906లో మిషనరీ సంఘాలు కలిసి స్థాపించిన కళాశాల అది. 1915 నుంచి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పోషణలోకి వచ్చింది. 1941 వరకు అక్కడ చైనా యువతీయువకులకు ఈ విద్య నేర్పారు. ఆ ఏడాది డిసెంబరులో జపానుతో యుద్ధం మొదలైనప్పుడు ఆమె ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో చిక్కుకున్నారు. 61 ఏళ్ల వయసులో అక్కడి సైనిక ఆసుపత్రిలో క్షతగాత్రులకు సాయపడ్డారు. తర్వాత జపాను వారి చేతిలో బందీ అయి, మనీలాలోని సాంతో తోమాస్ శిబిరంలో ఉండవలసివచ్చింది. ఆ నిర్బంధంలో కూడా తోటి బందీలకు చికిత్స చేశారు. ఆసుపత్రిని పోగొట్టుకోవచ్చు, పరికరాలు పోగొట్టుకోవచ్చు. చేతికి వచ్చిన విద్యను ఏ కావలివాడూ లాక్కోలేడు. బందీల మార్పిడిలో స్వదేశం చేరే నాటికి ఆమె ఆరోగ్యం బాగా దెబ్బతింది. 1959లో కన్నుమూశారు. 30 మందితో మొదలైన ఆ సంఘంలో ఇప్పుడు లక్ష మందికి పైగా సభ్యులున్నారు.

మన దేశంలో

ఇదంతా దూరదేశపు సంగతి, మనకేమిటి అని ఎవరైనా అడగవచ్చు. మన దేశంలో కూడా ఈ వృత్తి పోలియో పిల్లల మంచాల దగ్గరే పెరిగింది. బొంబాయిలో పోలియో ప్రబలిన తర్వాత, 1950ల తొలి సంవత్సరాలలో అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ఫిజియోథెరపీ విద్యాలయం మొదలైంది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. మనకు దగ్గరలో, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1966లో పునరావాస కేంద్రం వెలిసింది. దాని వెనుక ఉన్న డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో మోటారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిన మనిషి. చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసి, తనలాంటివారి కోసం ఆ పరిచర్యను నిలబెట్టారు.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులో నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశాన్ని పోలియో లేని దేశాల సరసన చేర్చారు. చుక్కల మందు పట్టుకుని గడప గడపకూ తిరిగిన కార్యకర్తలను బట్టి దేవునికి స్తోత్రము. అయితే నడక రాని పిల్లలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పుట్టుకకు ముందో, పుట్టినప్పుడో, ఆ తర్వాత కొద్ది కాలానికో మెదడుకు దెబ్బ తగిలి కాళ్లు చేతులు బిగుసుకుపోయిన పిల్లలున్నారు. దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు. పాదాలు లోపలికి తిరిగి పుట్టినవారున్నారు. డౌన్ సిండ్రోముతో ఒళ్లు మెత్తబడి ఆలస్యంగా ఎదిగేవారున్నారు.

తల్లిదండ్రులకు, అమ్మమ్మలకు

బిడ్డలో తేడాను మొదట కనిపెట్టేది తరచుగా లాలపోసే అమ్మమ్మే. పీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద బిడ్డను వేసుకుని నూనె మర్దన చేసేటప్పుడు, ఈ బిడ్డ కాళ్లు కర్రల్లా ఉన్నాయే, తొడలు విడదీయడానికి రావడం లేదే అని ఆమె చేతికి తెలుస్తుంది. అమ్మా, ఆ మాటను మింగేయవద్దు. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, పద్దెనిమిది నెలలకు నడవకపోయినా, ఏడాదిలోపే ఒక్క చేయినే వాడుతూ రెండోది గుప్పిట ముడుచుకుని ఉన్నా పిల్లల వైద్యునికి చూపించండి. వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు అని ఏడాది గడపవద్దు. చిన్న వయసులో మెదడు త్వరగా నేర్చుకుంటుంది. ఆ నెలలు మళ్లీ రావు.

పాదాలు వంకరగా పుట్టిన బిడ్డను చూసి గ్రహణం పట్టిందని తల్లిని ఆడిపోసుకుంటారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు కూడా ఎవరు పాపం చేశారని అడిగారు. ప్రభువు ఆ లెక్కను ఒప్పుకోలేదు. వంకర పాదానికి ఇప్పుడు మంచి చికిత్స ఉంది. అమెరికాలోని అయోవాలో డాక్టర్ పాన్‌సెటీ రూపొందించిన పద్ధతిలో వారానికి ఒకసారి పాదాన్ని మెల్లగా సరిచేస్తూ పిండికట్టు మారుస్తారు. సాధారణంగా అయిదారు కట్లు పడతాయి. చాలామందికి మడమ నరాన్ని చిన్నగా కోయవలసివస్తుంది. తర్వాత అసలు పరీక్ష ఇంట్లోనే. బద్దకు బిగించిన బూట్లు మొదటి మూడు నెలలు దాదాపు రాత్రింబవళ్లు, ఆ తర్వాత నాలుగయిదేళ్లు వచ్చేవరకు నిద్రవేళల్లో వేయాలి. బిడ్డ ఏడ్చిందని తీసేస్తే పాదం మళ్లీ తిరిగిపోతుంది.

సెరిబ్రల్ పాల్సీ బిడ్డ విషయంలోనూ అంతే. థెరపిస్టు వారానికి ఒక గంట చూస్తారు. మిగిలిన గంటలన్నీ ఇంట్లోవాళ్లవి. ఎత్తుకునే తీరు, కూర్చోబెట్టే తీరు, అన్నం పెట్టే తీరు, బట్టలు వేసే తీరు కూడా చికిత్సే. అందుకే మంచి థెరపిస్టు తల్లికి నేర్పుతారు. అడగడానికి మొహమాటపడవద్దు. మీ చేతులతో మీరు చేసి చూపించి, సరిగా ఉందా అని అడగండి. తండ్రులూ నేర్చుకోవాలి. నాన్న పొలం నుంచి వచ్చి పది నిమిషాలు బిడ్డతో కూర్చుంటే తల్లి భారం సగమవుతుంది. బిగిసిన కాలిని మాత్రం బలవంతంగా లాగవద్దు.

ఇక ఒక సున్నితమైన మాట. స్వస్థత కూడికలకు బిడ్డను ఎత్తుకుపోయి, నడక రాలేదని కుమిలిపోతున్న తల్లులు మన మధ్య ఉన్నారు. నీ విశ్వాసం చాలలేదు అని వారితో అనడం క్రూరత్వం. అలాగే ప్రార్థించాం గదా అని వ్యాయామం మానుకోవడం విశ్వాసం కాదు. యాయీరు కుమార్తెను ప్రభువు బ్రతికించాడు. ఆ అమ్మాయి లేచి నడిచింది. ఆ వెంటనే ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమని ఆయన చెప్పాడు (మార్కు 5:43). అద్భుతం చేసినవాడే అన్నం పెట్టే పని ఇంట్లోవారికి అప్పగించాడు. ప్రార్థన చేసిన చేతులతోనే బిడ్డ కాలు పట్టి వ్యాయామం చేయించండి. రెండూ ఆయన ఎదుటనే జరుగుతున్నాయి.

ఎక్కడికి వెళ్లాలి అంటారా? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో బాలల సత్వర చికిత్స కేంద్రాలు ఏర్పాటయ్యాయి. జిల్లా ఆసుపత్రిలో అడిగితే చెబుతారు. ఈ కార్యక్రమం కింద చికిత్స ఉచితం. బడి ఈడు పిల్లలకు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఫిజియోథెరపిస్టు ఏ రోజున వస్తారో మండల విద్యాశాఖ కార్యాలయంలో గాని, ఊరి బడిలో గాని కనుక్కోండి. అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడగండి.

యువతీయువకులకు, సంఘాలకు

ఇంటర్‌లో బై.పి.సి. చదువుతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, డాక్టరు సీటు రాకపోతే జీవితం పోయిందనుకోవద్దు. బి.పి.టి. అనే ఫిజియోథెరపీ డిగ్రీ ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి అయిదేళ్లు పడుతుంది. ఆ తర్వాత రెండేళ్లు ఎం.పి.టి. చదివితే పిల్లల చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందవచ్చు. మొదట్లో జీతం గొప్పగా ఉండకపోవచ్చు. రోజంతా నేల మీద కూర్చుని పనిచేయాలి. ఏడ్చే బిడ్డను ఆటలో పెట్టి ఓదార్చాలి. ఓర్పు లేనివారికి ఇది తగదు. చేరే ముందు ఆ కళాశాలకు గుర్తింపు ఉందో లేదో విచారించుకోండి. మన దేశంలో ఫిజియోథెరపీకి కేంద్రస్థాయి చట్టం లేక ఎన్నో ఏళ్లు గడిచాయి. ఎవరు పడితే వారు బోర్డు పెట్టుకోకుండా ఒక కట్టుబాటు కావాలని ఆ వృత్తివారు దశాబ్దాలుగా అడుగుతూ వచ్చారు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఫిజియోథెరపీ కూడా దాని కిందికి వచ్చింది. నూరేళ్ల క్రితం ఆ 30 మంది స్త్రీలు అడిగినది కూడా ఇలాంటి కట్టుబాటునే. రేపు మీరు ఈ వృత్తిలోకి వెళితే, బిడ్డకు చేసే సేవ, తర్వాతివారికి నేర్పడం, వృత్తి మర్యాదను నిలబెట్టడం, ఈ మూడూ ఒకే పరిచర్య అని మరచిపోవద్దు.

సంఘ పెద్దలకు ఒక్క మాట. మందిరం మెట్ల పక్కన ఒక ఏటవాలు దారి కట్టించండి. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డను సండేస్కూలులో మూలన కూర్చోబెట్టక, క్రిస్మసు నాటికలో పాత్ర ఇవ్వండి. మీ సంఘములో ఇలాంటి బిడ్డ ఉంటే ఆ తల్లి వారం వారం పట్నం వెళ్లడానికి చార్జీలు, ఆ రోజు కూలి పోయిన లోటు ఎవరు భరిస్తున్నారో విచారించండి. చికిత్స మధ్యలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఆ బస్సు చార్జీయే. నలుగురు పూనుకుంటే పరుపు లేస్తుంది. స్త్రీల సమాజము వారు వంతులు వేసుకుని ఆ తల్లికి తోడు వెళ్లగలరు.

ప్రార్థన: నడక నేర్పే తండ్రీ, మా ఇళ్లలో ఇంకా నడవలేని బిడ్డలను నీ చేతులలో ఉంచుతున్నాము. వారి తల్లిదండ్రులకు అలసిపోని ఓర్పు నిమ్ము. వారికి చికిత్స చేసే చేతులను, ఆ చేతులకు నేర్పినవారిని ఆశీర్వదించుము. మా యువతీయువకులలో కొందరిని ఈ సేవకు పిలువుము. బలహీనుని మోసే నలుగురిలో మమ్మును కూడా చేర్చుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.